ఏజెన్సీ భూమి బయటివాళ్లకు అమ్ముకోకూడదా? మరి చెల్లెలి వాటా సంగతేంటి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి. మీది భద్రాచలం ఏజెన్సీలో, అంటే గిరిజనుల షెడ్యూల్డ్ ప్రాంతంలో, కోయ కుటుంబం, మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు. నాన్నగారి పేరున ఊళ్లో రెండున్నర ఎకరాలుంది. రోడ్డు పక్క భూమి కాబట్టి గిరిజనేతరుడు ఒకాయన ఎకరానికి 15 లక్షలు ఇస్తానంటున్నాడు. మీవాళ్లలో కొనేవాళ్లు 5 లక్షలు దాటడం లేదు. చట్టమేమో మీవాళ్లకే అమ్మాలంటోంది. "రాజ్యాంగం నన్ను పౌరుడిగా చూస్తోందా, తెగలో ఒకడిగా చూస్తోందా? తెగ హక్కు కోసం నా హక్కు ఎందుకు పోవాలి?" అని అడిగారు. ప్రశ్న చివర ఇంకో వాక్యం కూడా ఉంది. పెళ్లైన చెల్లెలికి భూమిలో వాటా లేదని, అది మీ ఆచారమని పెద్దమనుషులు చెబుతున్నారట. దాన్ని కూడా ఇలాగే ఒప్పుకోవాలా అన్నారు. నాకు అసలు ప్రశ్న అదే అనిపించింది.

సూటిగా చెబుతాను. గిరిజనేతరుడికి అమ్మే హక్కు మీకు లేదు, ఉండకూడదనే నేను కూడా అనుకుంటాను. ఆచారం పేరు చెప్పి మీ చెల్లెలి వాటా ఆపే హక్కు పెద్దమనుషులకు లేదు. ఒకచోట తెగ పక్షం, ఇంకోచోట వ్యక్తి పక్షం మాట్లాడుతున్నానని మీకు అనిపించవచ్చు. నేను రెండుచోట్లా చూసేది ఒకటే. తెగకు ఇచ్చిన హక్కు చేను చుట్టూ వేసిన కంచె లాంటిది. బయటి నుంచి వచ్చే పశువును ఆపడానికి కంచె కావాలి. లోపలున్న మనిషిని ఆ కంచె పేరు చెప్పి కొట్టడం మొదలైతే అది కంచె చేను మేయడమే. ఏ సమూహ హక్కు గురించి వాదన వచ్చినా నేను ముందు అడిగేది ఇదే: ఇది ఎవరి నుంచి ఎవరిని కాపాడుతోంది?

నా సంగతి కూడా ముందే చెప్పడం న్యాయం. 26 ఏళ్లుగా ఏజెన్సీ భూముల కేసులు, మా దగ్గర ఎల్టీఆర్ కేసులంటాం, వాదిస్తున్నాను. నేను గిరిజనేతరుణ్ణి. మా తాత కృష్ణా జిల్లా నుంచి పొగాకు, మిర్చి వేసుకోవడానికి గోదావరి ఒడ్డుకు వచ్చిన మనిషి. మా ఇంటి స్థలం ఏజెన్సీలోనే ఉంది. అవసరం వచ్చినా దాన్ని నాలాంటి గిరిజనేతరుడికి అమ్మలేను. అంటే ఈ చట్టం వల్ల మా ఇంటికి కూడా నష్టం ఉంది. అది తెలిసే దీని పక్షం మాట్లాడుతున్నాను.

మీ 15 లక్షల ధర ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి

అందరూ వన్ సెవెంటీ అని పిలిచే చట్టం అసలు పేరు ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదలాయింపు నిబంధనలు. 1959లో వచ్చిన ఆ నిబంధనలను 1963లో తెలంగాణ ఏజెన్సీకి కూడా వర్తింపజేశారు. 1970లో ఒకటో నంబరుగా వచ్చిన సవరణతో (1/70, వన్ సెవెంటీ అనే పేరు అందుకే) ఇప్పటి రూపం వచ్చింది. ఏజెన్సీలో స్థిరాస్తిని అమ్మేది ఎవరైనా సరే, కొనేది ఎస్టీ అయి ఉండాలి, లేదా పూర్తిగా ఎస్టీలతోనే ఏర్పడిన సహకార సంఘం అయి ఉండాలి. లేకపోతే ఆ అమ్మకం చెల్లదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా ఇదే రూలు. ఇంకో గట్టి మాట కూడా అందులో ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర నుంచే వచ్చిందని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే.

ఇంత కఠినంగా ఎందుకు రాశారంటే, అంతకు ముందు మెత్తగా రాసిన చట్టాలు పని చేయలేదు. మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ భూముల మీద చట్టం చేసింది. అప్పట్లో ఏజెంటు, అంటే ఏజెన్సీని చూసే ప్రభుత్వ అధికారి, అనుమతి ఉంటే గిరిజనేతరుడికి అమ్మవచ్చు. అనుమతి అనే ఆ చిన్న తలుపు లోంచే ఊళ్లకు ఊళ్లు చేతులు మారాయి. ఉప్పు కోసం అప్పు, బట్టల కోసం అప్పు, ఆ అప్పుకు వడ్డీ, వడ్డీకి భూమి. తెలంగాణ వైపు కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలిచ్చింది భూమి, అడవి మీద హక్కు కోసమే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులు సభ పెట్టుకున్నది కూడా చేజారిన భూముల గురించే. అక్కడ పోలీసు కాల్పుల్లో మనుషులు చచ్చిపోయారు. అప్పటికి వన్ సెవెంటీ వచ్చి 11 ఏళ్లయింది.

ఇప్పుడు మీ 15 లక్షల దగ్గరికి వద్దాం. గిరిజనేతరులకు అమ్మే వీలు నిజంగానే వస్తే ఆ ధర అలాగే ఉంటుందని మీరు లెక్క వేసుకుంటున్నారు. మొదట అమ్మిన ఇద్దరు ముగ్గురికి ఉండొచ్చు. ఆ తర్వాత రోడ్డు పక్క భూమంతా బయటివాళ్లది అవుతుంది. వెనకాల ఉన్నవాళ్ల పొలానికి బండి బాట పోతుంది. నీళ్లు ముందు పొలాలకే పారతాయి. వెనకాలవాళ్లు చెప్పిన రేటుకు అమ్ముకుని పోడు కోసం ఇంకా లోపలికి పోతారు. నా దగ్గరికి 2009లో వచ్చిన ఒక ఊరి సంగతి ఇదే. తెల్ల కాగితాల మీద, ఇరవై రూపాయల స్టాంపు కాగితాల మీద మొదట నలుగురు అమ్మారు. తొమ్మిదేళ్లలో రోడ్డు వైపు ఒక్క కోయ కుటుంబం మిగల్లేదు. ఊరి మధ్య మత్తడి చెరువు తూము తాళం ఎవరి దగ్గర ఉండాలన్న దగ్గర గొడవ మొదలైంది. భూమి అమ్మనివాళ్లే ఎక్కువ నష్టపోయారు. వాళ్లను ఎవరూ అడగలేదు, వాళ్లు ఏ కాగితం మీదా వేలిముద్ర వేయలేదు.

అందుకే ఇది మీ ఒక్కరి హక్కు లెక్క కాదంటున్నాను. మీరు అమ్మేది రెండున్నర ఎకరాలే. దానితో పాటు పోయేది పక్కవాడి బేరమాడే శక్తి. ఒక్కొక్కరుగా చూస్తే ప్రతి అమ్మకమూ సబబే. అందరివీ కలిపి చూస్తే ఊరే ఉండదు. ఇలాంటి చోట ఒక్కొక్కరి హక్కును ఎంత గట్టిగా కాపాడినా చివరికి ఆ ఒక్కొక్కరికీ ఏమీ మిగలదు.

రాజ్యాంగం మిమ్మల్ని ఎలా చూస్తోంది

అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదాను సభలో పెడుతూ, ఈ ముసాయిదా గ్రామాన్ని పక్కన పెట్టి వ్యక్తినే ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషిస్తున్నానన్నారు. కాబట్టి మీరు పౌరుడిగానే లెక్క, అనుమానం లేదు. ఊరు, కులం, తెగ మనిషిని ఎలా నలిపేస్తాయో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అదే రాజ్యాంగంలో ఐదో షెడ్యూలు కూడా ఉంది. ఏజెన్సీలో భూమి బదలాయింపును నిషేధించే, అదుపు చేసే నిబంధనలు గవర్నర్ చేయవచ్చని అందులో రాశారు. దేశంలో ఎక్కడైనా తిరిగే, ఎక్కడైనా ఉండే హక్కును 19వ అధికరణం ఇచ్చింది. ఆ హక్కు మీద రెండు కారణాలతో పరిమితులు పెట్టవచ్చని అదే అధికరణం ఐదో ఉపవాక్యంలో ఉంది. ఒకటి సాధారణ ప్రజల మేలు, రెండోది షెడ్యూల్డ్ తెగల ప్రయోజనాల రక్షణ. ఆ మాటను తర్వాత ఎవరో సవరణ చేసి చేర్చలేదు. మొదటి రోజు నుంచే ఉంది.

గిరిజనేతర రైతులు ఈ చట్టాన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లారు. మా భూమి ఇంకో గిరిజనేతరుడికి అమ్ముకుంటే గిరిజనుడికి వచ్చిన నష్టమేంటని వాళ్ల వాదన. 1988లో పి. రామిరెడ్డి కేసులో కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. తర్వాత 1997 జులై 11న, సమత అనే సంస్థ వేసిన కేసులో, సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. విశాఖ ఏజెన్సీలో అనంతగిరి, బొర్రా ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం గనుల లీజులిచ్చింది. చట్టంలో ఉన్న "వ్యక్తి" అనే మాట ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందని, ప్రభుత్వమైనా సరే గిరిజనేతరులకు లీజులివ్వకూడదని ఇద్దరు జడ్జీలు అన్నారు, ఒకరు విభేదించారు. నాకు ఈ తీర్పంటే గౌరవం ఎక్కువ. కంచె బలహీనుడైన పక్క ఊరి రైతుకు మాత్రమే అడ్డం పడి, కంపెనీ లారీకి తెరుచుకుంటే దాన్ని సమర్థించే ముఖం నాకుండేది కాదు.

అయితే డబ్బు అవసరమైతే ఏం చేయాలి

మీకు ఉన్న దారులు ఇవి. ఎస్టీకి అమ్మవచ్చు, ఏ తెగ అయినా ఫర్వాలేదు, మీ ఊరివాడే కానక్కర్లేదు. పక్క మండలంలో ఉద్యోగాలు చేస్తున్న ఎస్టీ కుటుంబాల్లో కొనేవాళ్లు దొరుకుతారు. బేరం మీ ఊరి దగ్గరే ఆపేయకండి. భూమి స్వాధీనం అప్పగించకుండా సహకార సంఘాలకు, ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకులకు తాకట్టు పెట్టుకునే వీలు 1971 సవరణతో వచ్చింది. అప్పు తీరకపోతే ఆ భూమిని ఎస్టీలకే అమ్మాలి. కొనే ఎస్టీ ఎవరూ ముందుకు రాకపోతే ప్రభుత్వాన్నే కొనమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ చివరి దారి ఉందని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లకు కూడా సులువుగా జరగదు. నేను వేసిన మూడు దరఖాస్తుల్లో ఒక్కటే డబ్బు చేతికొచ్చేదాకా వెళ్లింది, దానికి నాలుగేళ్లు పట్టింది. అమ్ముకోవద్దని చట్టం చెప్పినప్పుడు, అవసరానికి ఆదుకునే బాధ్యత కూడా ఆ చట్టం చేసినవాళ్లదే. ఇక్కడ మీ కోపం నూటికి నూరుపాళ్లు న్యాయం.

చేయకూడనిది ఒకటుంది: ఎస్టీ పేరున రాసి గిరిజనేతరుడి దగ్గర డబ్బు తీసుకోవడం. బినామీని చట్టం పేరు పెట్టి మరీ పట్టుకుంది. గిరిజనేతరుడికి పెట్టే తాకట్లు, ఇచ్చే కౌళ్లు, "అగ్రిమెంటే కదా" అని రాసే కాగితాలు, అన్నీ బదలాయింపు కిందికే వస్తాయి. ఈ కేసులు వినే స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టులో ఇలాంటి కాగితాలు నిలబడిన కేసు నేను చూడలేదు. 15 లక్షలు ఇస్తానంటున్న ఆయనకు ఇది తెలియకుండా ఉండదు. తెలిసీ ఎందుకు అడుగుతున్నాడో ఆలోచించండి.

కంచె ఎంత ఎత్తు ఉండొచ్చు?

సమూహానికి ఇచ్చేది ఏదైనా సరేనని నేననను. 2000 జనవరి 10న ఉమ్మడి రాష్ట్రంలో జీవో నంబరు 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే అని. కారణం నిజమైనదే. కోయ భాష ఒక్క ముక్క రాని టీచరు, వారంలో రెండు రోజులు వచ్చే టీచరు ఉన్న బళ్లను నేను కళ్లారా చూశాను. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల బెంచి ఆ జీవోను కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. ఏజెన్సీలో పుట్టిపెరిగిన ఎస్సీ, బీసీ పిల్లలకు, ఏజెన్సీ బయట ఉన్న ఎస్టీలకు కూడా తలుపు పూర్తిగా మూసేసినట్టు అవుతుందన్నది అందులో ముఖ్యమైన మాట.

తీర్పులో గిరిజనుల గురించి వాడిన భాష నాకు నచ్చలేదు. కానీ ఆ బాధలో కూడా ఒక ప్రశ్న దాటవేయలేను. భూమి చట్టం వల్ల నాకు పోయేది ఒక రకం కొనుగోలుదారు. మా ఇల్లు నాదే, నా పిల్లలకు వారసత్వంగా వస్తుంది, అందులో బతకకుండా నన్నెవరూ ఆపరు. మూడు తరాలుగా ఏజెన్సీలోనే ఉన్న మాదిగ కుటుంబం పిల్లకు తన ఊరి బడిలో టీచరయ్యే అవకాశం జన్మలో లేదంటే అది వేరే బరువు. ఆ పిల్లకు ఊళ్లో భూమి కూడా కొనుక్కునే వీలు లేదు. ఆ జీవో ఉన్నన్నాళ్లూ ఈ రెండూ ఒకే మనిషి మీద పడ్డాయని చెప్పేవాళ్లు తక్కువ. నా మటుకు, కోయ భాష వచ్చి ఉండాలనే నియమం పెట్టి, ఎక్కువ శాతం పోస్టులు స్థానిక ఎస్టీలకిస్తే పిల్లలకూ మేలు, తలుపూ మూసినట్టు కాదు. భాష నేర్చుకోవచ్చు, పుట్టుక మార్చుకోలేం.

ఇప్పుడు మీ చెల్లెలి సంగతి

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. కోర్టులు ఒకే మాట మీద లేవు, లేవని చెప్పకుండా ధైర్యం చెప్పడం తప్పు.

1956 హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప. ఆ చట్టంలోనే రెండో సెక్షన్‌లో ఉంది. కూతుళ్లకు సమాన వాటా ఇచ్చిన 2005 సవరణ కూడా అందువల్ల మీ ఇంటికి రాదు. 1996లో బిహార్ హో తెగ స్త్రీల కేసు సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు, మగవాళ్లకే వారసత్వమన్న చట్టాన్ని మెజారిటీ జడ్జీలు కొట్టేయలేదు. ఆ కుటుంబ స్త్రీలకు బతుకుదెరువు అవసరం ఉన్నంతకాలం ఆ భూమి నుంచి వాళ్లను వెళ్లగొట్టడానికి లేదన్నారు. 2022 డిసెంబరులో ఇంకో కేసులో, గిరిజన కూతురికి హిందూ వారసత్వ చట్టం కింద వాటా ఇవ్వలేమని చెబుతూనే, గిరిజనేతర కూతురికి ఉన్నది గిరిజన కూతురికి ఎందుకు లేదో ఆలోచించి చట్టం మార్చమని కేంద్రాన్ని అడిగారు.

2025 జులై 17న వచ్చిన తీర్పు మీకు పనికొస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఒక గోండు మహిళ వారసులు తాతగారి ఆస్తిలో వాటా అడిగారు. "ఆడపిల్లకు వాటా ఇచ్చే ఆచారం ఉందని రుజువు చేయండి" అని కింది కోర్టులు వాళ్లనే అడిగి, చేయలేదని ఓడించాయి. సుప్రీంకోర్టు ఆ ప్రశ్నే తప్పంది. ఆడపిల్లకు వాటా ఉండదని ముందే అనుకుని మొదలుపెట్టకూడదు. వాటా లేదనే ఆచారం రుజువు కానప్పుడు న్యాయం, సమానత్వం ప్రకారం ఆమెకూ సమాన వాటా రావాలని తీర్పిచ్చింది.

దీనర్థం మీకు తెలుస్తోంది కదా. "మా ఆచారంలో లేదు" అని పెద్దమనుషులు అంటే సరిపోదు. ఉందన్నవాళ్లే ఆచారాన్ని చూపించాలి. అది పాతది, తేడా లేకుండా అందరూ పాటిస్తున్నది, మధ్యలో తెగనిది అయి ఉండాలి. ఇలా అడిగేసరికి చాలా ఆచారాలు నిలబడవు. పదేళ్ల కిందట ఒక కోయ యువతి తరఫున విరాసత్ (వారసత్వ) కేసులో హాజరయ్యాను. తండ్రి పోయాడు, అన్నదమ్ములు లేరు, బాబాయి కొడుకులు భూమి దున్నేసుకున్నారు. ఆడపిల్లకు భూమి లేదని ఐదుగురు పెద్దమనుషులు సంతకాలు చేసిన కాగితం తెచ్చారు. అందులో పెద్దాయనను నేను ఒకటే అడిగాను: ఊరి చివర చింతచెట్టు పొలం మీ చిన్నప్పుడు ఎవరు దున్నేవారు? మా మేనత్త అన్నాడు. ఆమెకు ఎలా వచ్చింది? వాళ్ల నాన్నది అన్నాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. ఆ ఆచారం గురించి అప్పటిదాకా అలా ఆలోచించలేదంతే. కేసు అక్కడే తిరిగింది.

పెద్దమనుషుల మాటలో నిజం లేదని నేననను. వాళ్ల భయం వేరే ఉంది. అది మీతో పైకి చెప్పి ఉండకపోవచ్చు. గిరిజన అమ్మాయిని పెళ్లి చేసుకుని ఆమె పేరున భూములు కొనే గిరిజనేతరులు ఏజెన్సీలో ఉన్నారు. కొందరికి మైదానంలో ఇంకో సంసారం కూడా ఉంది. ఆడపిల్లకు వాటా ఇస్తే అల్లుడి చేతికి పోతుందన్న భయం గాల్లోంచి పుట్టలేదు. కానీ దానికి కావాల్సిన కంచె ఇప్పటికే ఉంది. పెళ్లితో ఆమె ఎస్టీ కాకుండా పోదు, భర్త ఎస్టీ అయిపోడు. ఆమె భర్తకు రాసిచ్చినా చెల్లదు. ఆమె పేరు అడ్డం పెట్టుకుని వేరేవాళ్ల దగ్గర కొంటే బినామీ కేసు. తల్లి ఎస్టీ, తండ్రి కాని పిల్లల సంగతి మాత్రం అంత తేలిక కాదు. ఆ బిడ్డ ఎవరి మధ్య పెరిగాడు, ఎలాంటి బతుకు బతికాడు అన్నది చూసి తేల్చాలని 2012లో సుప్రీంకోర్టు అంది. ఇది ఒక్కొక్క కేసుగా చూసుకోవాల్సిందే.

అల్లుడిని ఆపాలంటే అల్లుడికి అడ్డం కట్టాలి. కూతురి కాళ్లు విరగ్గొట్టి అల్లుడిని ఆపామంటే ఎలా? ఇదే పని కెనడాలో చట్టమే చేసింది. అక్కడి ఆదివాసీ స్త్రీ బయటివాణ్ణి పెళ్లి చేసుకుంటే తెగ సభ్యత్వం పోయేది, పురుషుడు చేసుకుంటే పోయేది కాదు. మలిసీట్ తెగకు చెందిన సాండ్రా లవ్‌లేస్ 1970లో అలా సభ్యత్వం పోగొట్టుకుని, ఆ పెళ్లి విడిపోయాక పుట్టిన ఊరికి తిరిగి వస్తే అక్కడ ఉండే హక్కు లేదన్నారు. ఆమె ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి వెళ్లింది. 1981లో ఆ కమిటీ కెనడాను తప్పుపట్టింది, 1985లో చట్టం మారింది. ఆ కమిటీ ఏ హక్కు ఆధారంగా తీర్పిచ్చిందో అది నన్ను కదిలించింది. అల్పసంఖ్యాకులు తమవాళ్లతో కలిసి తమ సంస్కృతిలో బతికే హక్కు. అంటే సమూహ హక్కును సమూహంలోని ఆడమనిషే అడిగి తెచ్చుకుంది. తెగ ఆమెది కూడా కదా.

ఇది ఆదివాసీల్లోనే ఉన్న జబ్బు అని ఎవరూ అనుకోకూడదు. నిజామాబాద్, జగిత్యాల వైపు మైదాన గ్రామాల్లో గ్రామాభివృద్ధి కమిటీలు మాట విననివాళ్లను వెలివేసిన సంఘటనలు పేపర్లలో ఎన్నిసార్లు రాలేదు? కిరాణా ఇవ్వరు, మంగలి రాడు, మాట్లాడితే జరిమానా. మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణ మీద ప్రత్యేక చట్టం చేసుకుంది. మన రెండు రాష్ట్రాలూ చేయాలి. 1962లో ముస్లింలలో ఒక శాఖ అయిన దావూదీ బోహ్రాల కేసులో మతపెద్దకు వెలివేసే అధికారం ఉందన్న సుప్రీంకోర్టు, 2023లో ఆ తీర్పును మళ్లీ చూడాల్సిందేనని పెద్ద బెంచికి పంపింది. సమూహం నచ్చకపోతే బయటికి పోవచ్చు కదా అనేవాళ్లుంటారు. ఎక్కడికి పోతారు? మీ చెల్లెలికి తెగ బయట ఈ భూమి దొరకదు, ఈ భాష మాట్లాడేవాళ్లు దొరకరు.

"తెగ" అని మనం ఒక్క మాటలో అంటున్నది కూడా ఒక్కటి కాదు. తెలంగాణలో లంబాడాలను ఎస్టీ జాబితాలో చేర్చింది 1976 చట్టం. అప్పటి నుంచి ఏజెన్సీలో భూమి కొనే హక్కు వాళ్లకూ వచ్చింది. ఆదిలాబాద్‌లో గోండులకు, లంబాడాలకు మధ్య ఉన్న నొప్పి చాలావరకు ఇక్కడిదే. రెండువైపులా పేద రైతులను చూశాను కాబట్టి ఒక వైపు తప్పని రాయలేను. గ్రామసభ తీర్మానం లేకుండా ఊళ్లో భూమి చేతులు మారకూడదన్న నియమం గట్టిగా అమలైతే ఆ నొప్పి కొంత తగ్గుతుందని నా నమ్మకం. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 పెసా చట్టం గ్రామసభకు ఆ పట్టు ఇవ్వాలనే అంది. ఆ సభలో ఆడవాళ్లు కూర్చుని చేతులెత్తాలి, అప్పుడే దాన్ని ఊరి మాట అంటాను.

చివరగా మీరు ఇప్పుడు చేయాల్సినవి. ముందు పట్టా ఏ రకమో చూడండి. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా అయితే దాన్ని ఎస్టీకి కూడా అమ్మలేరు. వారసత్వంగా మాత్రమే వస్తుంది. పెళ్లైనవాళ్లకు ఆ పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉంది కాబట్టి మీ అమ్మగారి పేరు ఉందో లేదో చూడండి. ప్రభుత్వం అసైన్ చేసిన భూమి అయితే దాని నిబంధనలు వేరు, కాగితం చూడకుండా చెప్పలేను.

మామూలు పట్టా అయితే మీ పని చాలా సులువు. నాన్నగారు బతికే ఉన్నారు. ఆయన సొంత భూమిలో మీ చెల్లెలి వాటాను ఇప్పుడే ఆమె పేరున దాన దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించవచ్చు. ఆమె ఎస్టీ కాబట్టి వన్ సెవెంటీ దీనికి అడ్డు రాదు. ఆచారం ఉందా లేదా అన్న వాదనే పుట్టదు, మీ చెల్లెలు రేపు ఏ పెద్దమనుషుల ముందూ నిలబడక్కర్లేదు. రిజిస్ట్రేషన్‌కు వెళ్లేముందు ఆమె ఎస్టీ ధ్రువపత్రంలో తండ్రి పేరు ఉందో, భర్త పేరు ఉందో చూసుకోండి. భర్త పేరుతో ఉంటే ముందు అది మార్పించండి, అక్కడే ఆలస్యమవుతుంది.